రాశియు, వాసియు

విద్వాంసుని విద్వత్తును కొలుచుటకు కొలబద్ద యేది? ప్రశ్న పాతదే. అయినను దీనికి ఇటీవల ఒక కొత్త సమాధానము ప్రచారములోనికి వచ్చినది. ఆతడు ఎన్ని పత్రములు ప్రకటించెను, వానిని ఎందరు తమ పత్రములలో పేర్కొనిరి అను రెండంకెలు తెలిసినచో మనిషి విలువ తెలిసినట్లే యని కళాశాలలును, విశ్వవిద్యాలయములును, నియామక సంఘములును భావించుచున్నవి. నిన్న మొన్న పట్టము పుచ్చుకొన్న యువకుడు సైతము నీ పరిశోధన యెట్టిదని యడిగినచో ముందుగా తన పత్రముల సంఖ్యను చెప్పుచున్నాడు. ఏ విషయమును గూర్చి వ్రాసెనో, అందేమి కనుగొనెనో రెండవసారి అడిగిన పిమ్మట గాని చెప్పడు. ఇది ఆ యువకుని దోషము కాదు. మొదటి ప్రశ్నకే ఉద్యోగము లభించునని ఆతనికి పెద్దలు నేర్పిరి.

తెలుగు చదివినవారికి రాశి వాసుల తగవు కొత్తది కాదు. మహాభారతమున నన్నయభట్టు తెనిగించినవి ఆది సభా పర్వములును, అరణ్యపర్వమున కొంత భాగమును మాత్రమే. తిక్కన సోమయాజి తెనిగించినవి పదునైదు పర్వములు. రాశిని బట్టి తీర్పు చెప్పువాడు నన్నయను చిన్న చేయవలెను. తక్కువ వ్రాయుటయే ఘనతకు గుర్తని వాదించువాడు తిక్కనను చిన్న చేయవలెను. ఈ ఇరువురి మాటయు తెలుగు లోకము చెవిని బెట్టలేదు. సంఖ్య ఏ పక్షమునకును సాక్ష్యము చెప్పజాలదనియు, గ్రంథమును చదివినవాడే సాక్షి యనియు అది ఏనాడో గ్రహించినది.

పేర్కొనబడుట యను గౌరవము కూడ మనకు అపరిచితము కాదు. అప్పకవి వంటి లాక్షణికులు సూత్రము చెప్పి, దానికి లక్ష్యముగా పూర్వకవుల పద్యములను చూపిరి. లక్షణ గ్రంథమున కెక్కుట కవికి గౌరవమే. కాని అట్లెక్కిన పద్యములలో అనేకములు యతికో, ప్రాసకో, ఒక అరుదైన ప్రయోగమునకో ఉదాహరణములుగా నిలిచినవి గాని కవితా సౌందర్యమునకు కాదు. కావ్యమంతయు నశించి, లక్షణ గ్రంథములలోను సంకలనములలోను మిగిలిన కొలది పద్యముల వలననే నేడు మనకు తెలియవచ్చుచున్న కవులును కలరు. కావున ఒక రచన ఎన్ని మార్లు ఉదాహరింపబడెనను ప్రశ్న వేరు, ఎందులకు ఉదాహరింపబడెనను ప్రశ్న వేరు. రెండవ దానికి అంకెలో సమాధానము దొరకదు.

విజ్ఞాన శాస్త్రములలో ఈ లెక్కకు దారి తీసినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునుండి ఆయన 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అను సూచికను వెలువరించెను. ఒక పత్రమును తరువాత వెలువడిన ఏయే పత్రములు పేర్కొన్నవో తెలుపు పట్టిక అది. పరిశోధకుడు తన విషయమునకు సంబంధించిన పత్రములను సులభముగా వెదకికొనవలెనని దాని ముఖ్యోద్దేశము. దారి చూపుటకు నాటిన మైలురాయిని తరువాతివారు మనుష్యులను తూచు తూకపురాయిగా మార్చుకొనిరి. 2005లో భౌతిక శాస్త్రజ్ఞుడు హోర్హె హిర్ష్ ఈ తూకమును మరింత సులభము చేసెను. ఒక పరిశోధకుని పత్రములలో ఇరువది పత్రములు ఒక్కొక్కటి ఇరువది మార్లకు తక్కువ కాకుండ పేర్కొనబడినచో ఆయన అంకె ఇరువది. దీనినే హెచ్-సూచిక యందురు. ఇరువది మార్లు పేర్కొనబడిన పత్రమైనను, ఇరువదివేల మార్లు పేర్కొనబడిన పత్రమైనను ఆ లెక్కలో ఒకటియే యగుట ఇందలి విశేషము.

ఈ అంకెలు ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో గ్రహించుటకు ఒక చిన్న నిదర్శనము చాలును. ఆలివర్ లౌరీ అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో ఔషధ శాస్త్ర శాఖకు అధిపతిగా నుండెను. ఒక్క నాడీకణములోని రసాయనములను సైతము కొలువగల సూక్ష్మ పద్ధతులను నిర్మించిన మేధావి ఆయన. 1951లో సహచరులతో కలిసి, ద్రావణములో మాంసకృత్తు ఎంత యున్నదో కొలుచుటకు ఒక పద్ధతిని ప్రకటించెను. 2014 నాటికి ఆ పత్రమును పేర్కొన్న పత్రములు మూడు లక్షలను దాటినవి. ప్రపంచమున అప్పటికి అన్నిటికంటె ఎక్కువగా పేర్కొనబడిన పత్రము అదియే. అయినను లౌరీ దానిని తన గొప్ప రచనలలో లెక్కింపలేదు. అది అందరకు పనికివచ్చిన పనిముట్టు. మెదడును గూర్చిన ఆయన ఆలోచనలు వేరు. తెలుగువాడైన యెల్లాప్రగడ సుబ్బారావు పేరును అసంఖ్యాకమైన పత్రములలోనికి ఎక్కించినది కూడ 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించిన భాస్వరపు కొలత పద్ధతియే. పనిముట్టును తయారుచేసినవానికి కృతజ్ఞత చెప్పుట ధర్మము. కాని కృతజ్ఞతల లెక్కను ప్రతిభల లెక్కగా చదువుట పొరపాటు.

ఇక ఒక సంపూర్ణ జీవితమును ఎత్తుకొని ఈ విషయమును పరిశీలించుట మేలు. మెదడుపై మందులు పనిచేయు తీరును శోధించు నాడీ ఔషధ శాస్త్రమున స్వీడన్ దేశీయుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కంటె తగిన నిదర్శనము దొరకుట కష్టము. ఆయన 1923లో ఉప్సాలా నగరమున జన్మించెను. 2018లో తొంబదియైదేండ్ల వయస్సున కీర్తిశేషుడయ్యెను. ఆయన కథకు మొదలు మాత్రము మన దేశమునందే కలదు.

సర్పగంధ యను మూలికను మన వైద్యులు పురాతన కాలమునుండి ఉన్మాదమునకును, నిద్రలేమికిని వాడుచుండిరి. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అను వైద్యులు ఇది ఉన్మాదమునకును రక్తపుపోటుకును పనిచేయునని ఇండియన్ మెడికల్ వరల్డ్ అను పత్రికలో ప్రకటించిరి. పాశ్చాత్య లోకము ఆ పత్రమును చూడలేదు. బొంబాయి వైద్యుడు రుస్తుమ్ జాల్ వకీల్ రక్తపుపోటు విషయమున తన అనుభవమును 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించిన పిమ్మటనే అచ్చటి వైద్యుల దృష్టి దీనిపై బడినది. 1952లో స్విట్జర్లండ్‌లోని సిబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరు చేసిరి. 1954లో అమెరికా వైద్యుడు నేథన్ క్లైన్ మానసిక రోగులపై దాని ఫలితములను వెల్లడించెను. సేన్, బోసుల పత్రము వెలువడినప్పటినుండి అప్పటికి ఇరువదిమూడేండ్లు గడచినవి. కలకత్తాలో అచ్చయిన మాట నిజమే. అయినను అది లండనులో అచ్చగునంతవరకు లోకమునకు నిజము కాలేదు. అంకెల తక్కెడలో ఆ ఇరువురు వైద్యులు ఎంత తూగుదురో పాఠకులే ఊహించుకొనవచ్చును.

ఆ కాలమున కార్ల్‌సన్ లుండ్ విశ్వవిద్యాలయమున ఔషధ శాస్త్రము బోధించుచుండెను. ఆయన పరిశోధన అప్పటివరకు శరీరములో సున్నపు ధాతువగు కాల్షియము నడకను గూర్చి సాగినది. పై పదవికి దరఖాస్తు చేసికొనగా, కాల్షియము పరిశోధనకు ఔషధ శాస్త్రములో అంత ప్రాముఖ్యము లేదని నిర్ణేతలు తేల్చిరి. పత్రములున్నవి, పదవి రాలేదు. ఈ తిరస్కారమే ఆయన దారిని మార్చినది. 1955లో ఆయన అమెరికాకు బోయి, బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలలో కొన్ని నెలలు పనిచేసెను. రిసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరొటోనిన్ అను రసాయనము తరిగిపోవునని బ్రోడీ బృందము అప్పుడే కనుగొని యుండెను. మందు కలిగించు మందకొడితనమునకు అదియే కారణమని వారి విశ్వాసము. నార్‌అడ్రినలిన్ మొదలగు తక్కిన రసాయనములు కూడ తరుగునేమో చూడవలదా యని కార్ల్‌సన్ అడిగెను. బ్రోడీకి అది వృథాశ్రమగా తోచినది. గురువు గొప్పవాడైనను శిష్యుడు తన సందేహమును విడువలేదు. స్వదేశమునకు మరలి, నిల్స్-ఆకె హిలార్ప్ అను మిత్రునితో కలిసి ఆ పరీక్షయే చేసెను. సందేహము నిజమయ్యెను: ఆ రసాయనములును తరిగిపోయినవి.

రెండును తరిగినచో జంతువు కదలక మెదలక పడియుండుటకు కారణము దేని లోపము? ఈ ప్రశ్నకు సమాధానముగా 1957లో నేచర్ పత్రికలో ఒక పత్రము వెలువడినది. రచయితలు కార్ల్‌సన్, మార్గిట్ లిండ్‌క్విస్ట్, టోర్ మాగ్నుసన్ అను మువ్వురు. పత్రపు నిడివి ఒక్క పుట. అందలి ప్రయోగమును పాఠశాల విద్యార్థికి సైతము బోధింపవచ్చును. ఆ రసాయనములు సూటిగా రక్తమునుండి మెదడులోనికి ప్రవేశింపలేవు. వానికి ముడిసరుకులైన పదార్థములు ప్రవేశింపగలవు. కనుక రిసర్పిన్ వలన నిశ్చేష్టమైన జంతువులలో కొన్నిటికి సెరొటోనిన్ ముడిసరుకును, కొన్నిటికి డోపా అను ముడిసరుకును ఇచ్చి చూచిరి. మొదటి దాని వలన అవి తేరుకొనలేదు. డోపా ఇచ్చిన కుందేళ్ళు కొద్ది సేపటిలోనే కన్నులు తెరచి, లేచి తిరుగసాగినవి.

కథ ఇంతటితో ముగిసినచో అది ఒక చక్కని ప్రయోగముగా మాత్రమే మిగిలెడిది. డోపానుండి నార్‌అడ్రినలిన్ తయారగును గాన, లేచి తిరుగుచున్న జంతువుల మెదడులో అది తిరిగి నిండియుండునని వారు తలచిరి. కొలిచి చూడగా అది నిండలేదు. తాము తలచినది తప్పిపోయినప్పుడు దానిని దాచిపెట్టక, దాని వెంట నడచుటలోనే వారి ఘనత యున్నది. డోపాకును నార్‌అడ్రినలిన్‌కును నడుమ డోపమైన్ అను మెట్టు కలదు. అది కేవలము మధ్యస్థ పదార్థమే గాని దానికంటూ ఒక పని లేదని నాటివారి నమ్మకము. కార్ల్‌సన్ బృందము దానిని కొలుచుటకు కొత్త పద్ధతిని కల్పించి, మెదడులో డోపమైన్ సహజముగనే కలదనియు, రిసర్పిన్ దానిని హరించుననియు, డోపా దానిని మరల నింపుననియు 1958లో సైన్స్ పత్రికలో ప్రకటించిరి. మరుసటి యేట ఆయన శిష్యులు బెర్ట్లర్, రోజెన్‌గ్రెన్‌లు డోపమైన్ అధిక భాగము దేహచలనమును నడపు మెదడు భాగమునందే యున్నదని చూపిరి. రిసర్పిన్ పుచ్చుకొన్న రోగులకు కంపవాతపు లక్షణములు కలుగుట వైద్యులకు అప్పటికే తెలిసిన విషయము. పార్కిన్సన్ వ్యాధి యనబడు కంపవాతమునకు డోపమైన్ లోపమే కారణమై యుండునను ఊహకు ఇట్లు పునాది పడినది.

ఇట్టి ఆవిష్కరణకు పండిత లోకము పూలమాలలు వేసెనా? 1960లో లండనులో సిబా ఫౌండేషన్ వారు ఏర్పరచిన సదస్సున ఔషధ శాస్త్రపు మహామహులందరు సమావేశమైరి. నోబెల్ బహుమానము పొందిన సర్ హెన్రీ డేల్, జాన్ గాడమ్, మార్తె ఫోగ్ట్ వంటి పెద్దలు కార్ల్‌సన్ వాదమును సందేహ దృష్టితోనే చూచిరి. దేహములో సహజముగ పుట్టు డోపాను డేల్ విషముగా తలచెను. మెదడులో ఒక కణము మరియొక కణముతో రసాయనముల మూలమున మాటాడునను భావమే అప్పటికి గట్టిగ నాటుకొనలేదు. విద్యుత్ ప్రవాహముతోనే ఆ పని జరుగునని పెక్కురి మతము. ఆ పెద్దలు అసూయాపరులు కారు, అవివేకులు కారు. కొత్తమాట నమ్ముటకు ముందు రుజువు కోరిరి. అయినను ఆ సదస్సు మరునాడు ఎవరైన పరిశోధకులను అంకెలతో తూచియుండినచో కార్ల్‌సన్ తులాభారము తేలిపోయెడిది. ముప్పది యేడేండ్ల వయస్సున ఆయన చేతనున్నవి కొన్ని పత్రములు, అనేకుల అపనమ్మకము.

ప్రభావము పనిచేయు తీరు వేరు. లండనులో పెద్దలు సందేహించుచున్న ఆ 1960లోనే వియన్నా నగరమున ఓలే హోర్నికీవిచ్, హెర్బర్ట్ ఎహ్రింగర్ అనువారు కంపవాతముతో మరణించిన రోగుల మెదడులను పరీక్షించి, అందు డోపమైన్ మిక్కిలి తరిగి యుండుటను కనుగొనిరి. ఆ పత్రము జర్మను భాషలో వెలువడినది. 1961లో హోర్నికీవిచ్, వాల్టర్ బిర్క్‌మాయర్‌లు రోగులకు ఎల్-డోపాను సూదిమందుగా ఇచ్చి, కదలలేనివారు కొంతసేపు కదలుటను ప్రకటించిరి. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ డోపాను క్రమక్రమముగా హెచ్చు మోతాదులలో నోటి ద్వారా ఇచ్చి చికిత్సను స్థిరపరచెను. నేటికిని ఆ వ్యాధికి ఎల్-డోపాయే ప్రధానౌషధము. రోగమును అది మాన్పదు. రోగి తన చేతితో అన్నము తినగల, తన కాళ్ళపై నడువగల సంవత్సరములను పెంచును. కుందేళ్ళు కన్నులు తెరచిన ఆ ఒక్క పుట పత్రము యొక్క విలువ ఇట్టి సంవత్సరములలో నున్నది. ఆ సంవత్సరములను ఏ సూచికయు లెక్కింపలేదు.

ఇంకొక మార్గమును చూడుడు. 1963లో కార్ల్‌సన్, లిండ్‌క్విస్ట్‌లు చుంచెలుకలపై ప్రయోగములు చేసి, ఉన్మాద రోగులకిచ్చు క్లోర్‌ప్రోమజిన్, హాలోపెరిడాల్ అను మందులు డోపమైన్ మొదలగువాని రసాయన శేషములను పెంచుచున్నవని చూపిరి. ఈ మందులు డోపమైన్‌ను హరించుట లేదు. అది చేరవలసిన ద్వారములను మూసివేయుచున్నవి, అందుచేత మెదడు మరింత విడుదల చేయుచున్నది, అని వారి ఊహ. పండ్రెండేండ్ల పిమ్మట 1975, 1976 సంవత్సరములలో టొరాంటోలో ఫిలిప్ సీమన్, బాల్టిమోరులో సాలమన్ స్నైడర్ బృందములు ఆ ద్వారములను సూటిగా పరీక్షించి ఆ ఊహకు బలము చేకూర్చినవి. ఆయన మిత్రుడు హిలార్ప్, బెంగ్ట్ ఫాల్క్‌తో కలిసి ఈ రసాయనములను సూక్ష్మదర్శినిలో వెలుగు రూపమున కనపడునట్లు చేసెను. హిలార్ప్ శిష్యులు డాల్‌స్ట్రోమ్, ఫుక్సెలు 1964లో మెదడులోని ఆ దారుల పటమును గీసిరి. ఒక ప్రశ్న లుండ్ నగరమున పుట్టి, గొతెన్‌బర్గ్, స్టాక్‌హోమ్, వియన్నా, టొరాంటోల వరకు ప్రాకినది. ఒక పండితుని ప్రభావ మనగా ఇదియే: ఆయన వేసిన ప్రశ్నను ఇతరులు తమ ప్రశ్నగా చేసికొనుట.

2000 సంవత్సరమున పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్‌లతో పాటు కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమానము లభించినది. నేచర్ పత్రము వెలువడి అప్పటికి నలుబదిమూడేండ్లు. నలుబదిమూడేండ్లు వేచియుండగల నియామక సంఘము లోకమున ఎచ్చటను లేదు. బహుమానము సైతము సంపూర్ణ న్యాయము చేయలేదు. హోర్నికీవిచ్‌ను విడచిపెట్టుట తగదని రెండు వందలమందికి పైగా శాస్త్రజ్ఞులు బహిరంగ లేఖపై సంతకములు చేసిరి. మెదడులో డోపమైన్ ఉన్నదని అదే 1957లో, అదే నేచర్ పత్రికలో, ఇంగ్లండులో పనిచేయుచుండిన కేథలీన్ మాంటెగ్యూ కూడ ప్రకటించినది. ఆమె పేరు నేడు ఆ శాస్త్రము చదివినవారిలో సైతము కొలదిమందికే తెలియును. మార్గిట్ లిండ్‌క్విస్ట్ పేరు మొదటి పత్రమునందును, 1963 నాటి పత్రమునందును కలదు. పాఠ్యగ్రంథములలో అరుదుగ కనబడును. ఒక పత్రపు శిరస్సున నిలిచిన పేర్లలో ఎవరి శ్రమ యెంతయో తేల్చుట అంకెలకు శక్యము కాదు.

అపజయములు కూడ ఈ లెక్కలో కానరావు. కార్ల్‌సన్ సహచరులతో కలిసి రూపొందించిన జిమెలిడిన్ అను మందు విషాద రోగమునకు ఔషధముగా 1982లో అంగళ్ళకు వచ్చినది. కొందరు రోగులకు నరముల వ్యాధి సోకుటచే 1983లోనే దానిని ఉపసంహరించుకొనిరి. మందు పోయినది, సెరొటోనిన్ నాడీకణములోనికి మరలిపోకుండ ఆపినచో విషాదము తగ్గునను సూత్రము మిగిలినది. నేడు లోకమంతట వాడుచున్న ఆ తరగతి మందులు ఆ దారినే వచ్చినవి. విఫలమైనదని కొట్టివేసిన పనిలో గూడ తరువాతివారికి పనికివచ్చు బీజము ఉండవచ్చును.

అంకెల పక్షమున ఒక బలమైన వాదము కలదు. దానిని విస్మరించుట న్యాయము కాదు. అంకెలు లేనిచో సిఫారసులు రాజ్యమేలును. కులము, ప్రాంతము, బంధుత్వము నిర్ణయించును. దిక్కులేని ప్రతిభావంతుడు తన పత్రముల పట్టికనైన చూపి న్యాయము కోరవచ్చును గదా యని కొందరందురు. ఇందు సత్యము లేకపోలేదు. మన దేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2010లో అధ్యాపకుల పనికి మార్కుల పద్ధతి నేర్పరచినప్పుడు ఈ వాదమునకు బలము చేకూరినది. కాని పక్షపాతమును తొలగించుటకు తెచ్చిన అంకెలే అంగడి సరుకైనచో ఏమి చేయవలెను? డబ్బు చెల్లించినచో చదువకయే అచ్చు వేయు పత్రికలు వెలసినవి. ఒక పత్రముగా వ్రాయదగినదానిని నాలుగు ముక్కలు చేసి నాలుగు పత్రములుగా ప్రకటించు విద్య వ్యాపించినది. 2023వ సంవత్సరమున ఒక్క యేటనే ప్రపంచములో పదివేలకు పైగా పత్రములను పత్రికలు వెనుకకు తీసికొనవలసివచ్చినది. దిక్కులేని ప్రతిభావంతునికి ఈ అంగడిలో రెట్టింపు నష్టము. ఆతడు కొనలేడు, కొననివాని పట్టిక చిన్నది.

పెద్దలు ఈ ప్రమాదమును గుర్తింపకపోలేదు. 2012లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున సమావేశమైన సంపాదకులు, శాస్త్రజ్ఞులు, పత్రిక పేరు ప్రతిష్ఠలను బట్టి అందలి పత్రమునకు విలువ కట్టరాదని ప్రకటించిరి. పత్రము ప్రచురించినగాని పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసమును సమర్పింపరాదను నిబంధనను మన నిధుల సంఘము 2022లో తొలగించినది. ఇవి మంచి అడుగులే. అయినను నిబంధన తొలగినంత మాత్రమున అలవాటు తొలగదు. అలవాటు పాఠశాలలోనే మొదలగుచున్నది. ఎన్ని ప్రాజెక్టులు చేసితివి, ఎన్ని ధ్రువపత్రములు తెచ్చితివి యని బాలుని అడుగుచున్నారు. కొనుక్కొన్న బొమ్మలతో అట్టలు నింపి తెచ్చిన బాలునికి పది మార్కులు. చిక్కుడు గింజ మొలకను పదిదినములు గమనించి, తాననుకొన్నట్లు అది పెరుగలేదని వ్రాసికొని వచ్చిన బాలునికి అయిదు. ఈ రెండవ బాలుడు చేసినదే కార్ల్‌సన్ చేసినది. తాననుకొన్నది తప్పిపోయినప్పుడు దానిని దాచక వ్రాసెను.

కావున అధ్యాపకులు చేయగల పని స్వల్పమే గాని ఫలవంతమైనది. ఒక శాస్త్రజ్ఞుని జీవితమును పాఠముగా చెప్పునప్పుడు ఆయన బిరుదులను, బహుమానములను, పత్రముల సంఖ్యను అప్పగింతకు ఈయక, ఒక్క పత్రములోని ఒక్క ప్రయోగమును బల్లపై గీసి చూపవచ్చును. విద్యార్థి దానిని మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. దీనికి పూర్వము లోకము ఏమి నమ్ముచుండెను? ఈ పత్రము వలన ఆ నమ్మకము ఎట్లు మారెను? దీనిని చదివి ఎవరు ఏ కొత్త పని చేసిరి? ఈ మూడింటికి సమాధానము దొరకినచో ఆ పత్రము ఎన్ని మార్లు పేర్కొనబడినను ఒకటే. దొరకనిచో వేయి మార్లు పేర్కొనబడినను ప్రయోజనము లేదు. నియామక సంఘములలో కూర్చుండు పెద్దలకును ఈ మూడు ప్రశ్నలే చాలును. అభ్యర్థి తెచ్చిన నలుబది పత్రములను లెక్కించుటకు పట్టు కాలములో ఆతడు తానే ఎన్నుకొని యిచ్చిన రెండు పత్రములను చదువవచ్చును.

చదువుట కష్టమే. లెక్కించుట సులభము. పరుల రచనను చదివి, దాని మంచి చెడ్డలను నిర్ణయించి, ఆ నిర్ణయమునకు తాను బాధ్యత వహించుట పండితుని ధర్మము. దానిని అంకెలకు అప్పగించి చేతులు కడుగుకొన్నచో, రేపు మన కళాశాలలలో ఏ ప్రయోగశాల మూలనో కూర్చుండి, పెద్దల కొలతకు లొంగని ఒక సందేహమును పట్టుకొని యున్న బాలికయో బాలుడో పట్టిక చాలలేదని వెనుదిరిగి పోవలసివచ్చును. అట్టివారు వెనుదిరిగిన సంగతి ఏ సూచికలోను నమోదు కాదు. ఆ నష్టమును భరించువారు ఎచ్చటనో మంచమున కదలలేక పడియున్న రోగులు.